మధ్యలో కొంత పోయినట్టుంటాదా?

టీచరమ్మ పోయారన్న ఫోను వచ్చేసరికి నా రెండు చేతులూ పేస్టుతో నిండి ఉన్నాయి. ఆసుపత్రిలో ఈఈజీ తీయడం నా ఉద్యోగం. మనిషి తలని టేపుతో కొలిచి, ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టి, ఆ గుర్తుల మీద పేస్టుతో తీగలు అంటించి, మెదడులో నడిచే కరెంటుని తెర మీద గీతలుగా తీస్తాను. ఆ ఉదయం కుర్చీలో ఒక ఆటో డ్రైవరు కూర్చుని ఉన్నాడు. సగం తీగలు అంటించాను. ఫోను ఆగకుండా మోగుతుంటే చిటికెన వేలితో స్పీకరు నొక్కాను.

"అక్కా, పెద్దమ్మ పొద్దున్న లేవనేదు," అంది టీచరమ్మ చెల్లెలి కూతురు. "పిలిసినాను, కుదిపినాను. అప్పటికే సల్లగా ఐపోనాది. నిద్దర్లోనే ఎల్లిపోనాదక్కా."

నేనేమన్నానో గుర్తు లేదు. ఆటో డ్రైవరు తల కదపకుండా, "ఎవరమ్మా పోయింది?" అని అడిగాడు.

"మా టీచరు," అన్నాను. ఆవిడ నాకు ఏ తరగతిలోనూ పాఠం చెప్పలేదు. అయినా నోటికి ఆ మాటే వచ్చింది. ఆ తర్వాత అంటించిన తీగలన్నీ ఊడదీసి మళ్ళీ అంటించాల్సి వచ్చింది.

ఇది జరిగి ఇరవై రోజులవుతోంది. అప్పటి నుంచీ నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు. కాగితం మీద పెడితే కొంచెమైనా తేలికపడుతుందేమోనని రాస్తున్నాను.

మీలో ఎవరికీ ఆవిడ తెలిసి ఉండరు. చింతపల్లి పైన, కాఫీ తోటల మధ్య ఉన్న ఒక ఊళ్ళో ముప్పై నాలుగేళ్ళు చిన్నబడి టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ కొండల మనిషే. తెలుగూ, ఆదివాసీ ఒడియా, కువి మూడూ ఒకే గుక్కలో మాట్లాడేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం మిషను చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. చిన్నపిల్లల సండే స్కూలు కూడా ఆవిడదే. రిటైరయ్యాక కూడా చేతిసంచిలో సుద్దముక్కలు ఉండేవి. ఆసుపత్రి పని మీద మాతో ఊరూరా తిరిగేటప్పుడు, మేము చూసేసిన ఇళ్ళ గుమ్మాల పక్కన వాటితో చిన్న టిక్కు పెట్టేవారు, నోటుబుక్కు దిద్దినట్టు.

ఆవిడతో పరిచయం ఐదేళ్ళ కిందటిది. నిద్రకీ మూర్ఛకీ మధ్య ఏం జరుగుతుందనే దాని మీద మా డాక్టరు గారు ఒక పరిశోధన మొదలుపెట్టారు. కొందరికి మూర్ఛ నిద్రలోనే వస్తుంది. పక్కన ఎవరూ చూడకపోతే, వచ్చినట్టు వాళ్ళకే తెలియదు. అలాంటివాళ్ళు ఆసుపత్రికి రారు కాబట్టి మేమే కొండ మీదికి వెళ్ళాలని డాక్టరు గారు అనుకున్నారు. మా ఇద్దరికీ అక్కడి భాషలు రావు. చర్చి పెద్ద ఒకాయన టీచరమ్మ ఇల్లు చూపించారు.

మొదటి మూడు రోజులూ ఇంటింటికీ వెళ్ళి, "మీ ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉందా?" అని అడిగాం. లేదన్నారు. అందరూ లేదన్నారు. టీచరమ్మ అడిగిందల్లా అడిగినట్టే తర్జుమా చేసి ఊరుకున్నారు. నాలుగో రోజు ఒక అరుగు మీద కూర్చుని చెప్పులోంచి రాయి దులుపుకుంటూ అన్నారు:

"ఏటి డాక్టరమ్మా, ఉందా అంటే ఉందంటారేటి? పెళ్ళికెదిగిన గుంట ఉన్న ఇంట్లో ఎవుడు సెప్తాడు?"

"మరి ఎలా అడగమంటారు?" అన్నారు డాక్టరు గారు.

"అడక్కండి. సూడండి. కాలిన మచ్చలు సూడండి. నిప్పు మీద పడిపోయినోళ్ళ సేతులు అబద్ధం ఆడవు."

ఆ మధ్యాహ్నం నుంచి మేము చేతులూ మోచేతులూ చూడడం మొదలుపెట్టాం. సాయంత్రానికి మా కాగితంలో ఆరుగురి పేర్లు ఎక్కాయి.

తర్వాత ప్రశ్నల కాగితం మీద పడ్డారు. అందులో "స్పృహ కోల్పోతారా?" అని ఉంది. టీచరమ్మ దాన్ని పైకి చదివి నవ్వారు. "స్పృహ అంటే మావోళ్ళకి కల్లు తాగి పడిపోడమే. అలగడిగితే కొడతారు." కాసేపు ఆలోచించి, ఎదురుగా జొన్నలు చెరుగుతున్న ఒక ఇల్లాలిని వాళ్ళ భాషలో ఏదో అడిగారు. ఆవిడ చేట ఆపేసింది. చాలాసేపు నేల చూసి, తల ఊపింది.

"ఏమని అడిగారు?" అన్నాను.

"మధ్యలో కొంత పోయినట్టుంటాదా అనడిగినాను. పొయ్యి మీద అంబలి కెలుకుతున్నావు. ఇంతలో సూస్తే అంబలి మాడిపోనాది. మధ్యలో ఏటైందో నీకు తెల్దు. అలగుంటాదా అని."

డాక్టరు గారు అక్కడే కాగితం తీసి పాత ప్రశ్న కొట్టేసి కొత్తది రాసుకున్నారు. నేను పదేళ్ళు మెదడు గీతలు తీసిన మనిషిని. ఎరుక తప్పడం అంటే ఏమిటో అంత తేటగా ఎవరూ చెప్పగా వినలేదు.

ఇంకో సంగతి కూడా ఆవిడే పట్టించారు. చైత్ర పండగకి రాత్రుళ్ళు ఆడిపాడినవాళ్ళు, క్రిస్మసు ముందు ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడినవాళ్ళు, ఆ మర్నాడే పడిపోతారని. "దెయ్యం పండగరోజు రాదు, మర్నాడొస్తాది. ఎందుకొస్తాదో సూడండి," అనేవారు. నిద్ర చాలకపోతే మూర్ఛ వస్తుందని పుస్తకాల్లో ఉన్నదే. కానీ ఆవిడ ఏ పుస్తకమూ చూడకుండా, ముప్పై ఏళ్ళు బడిలో హాజరు వేస్తూ చూసి కనిపెట్టారు. మంత్రాలు వేసే గురువు దగ్గరికి వెళ్ళి తాయెత్తు కట్టించుకునేవాళ్ళని కోప్పడేవారు కాదు. "మంత్రం మీ ఇష్టం. మాత్ర మాత్రం మానకండి," అని నవ్వేవారు. ఈఈజీ అయ్యాక జుట్టంతా పేస్టు అంటుకుని ఉంటుంది కదా, ఆ ఆడవాళ్ళని అలాగే పంపనిచ్చేవారు కాదు. నీళ్ళు కాచి, కుంకుడురసంతో తనే తలలు కడిగేవారు. "ఈ తలకాయతో ఇంటికెల్తే రేపు ఇంకోత్తి రాదు."

ఒక్కటి మాకు వింతగా ఉండేది. ఎంత పని ఉన్నా చీకటి పడేసరికి తిని పడుకోవలసిందే. "కోళ్ళతో పోటీ మా టీచరమ్మ," అని నేను ఏడిపించేదాన్ని. ఆవిడా నవ్వేవారు.

ఒకరోజు పైఊళ్ళో తీగలంటే భయపడి ఎవరూ ముందుకు రాలేదు. తలలోంచి కరెంటు లాగేస్తామని ఎవరో పుట్టించారు. టీచరమ్మ వచ్చి చాప మీద పడుకున్నారు. "ముందు నాకెట్టు. సూస్తారు."

తీగలు పెట్టాను. కొండెక్కి అలిసిపోయి ఉన్నారేమో, ఐదు నిమిషాల్లో నిద్రపోయారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుకున్నారు. నేను తెర చూశాను. ఎడమ కణత వైపు గీత ఒక్కసారి సూదిలా లేచింది. మళ్ళీ లేచింది. నిద్ర ముదిరేకొద్దీ వరసలు వరసలుగా లేచాయి. మూర్ఛేనని నాకు అనుమానం మిగల్లేదు. ఎవరికీ అర్థం కాదని తెలిసి కూడా లాప్‌టాప్ నా వైపు తిప్పేసుకున్నాను.

ఆవిడ లేచి కూర్చుని, "సూసినారా? ఏటీ అవ్వనేదు," అని అందరికీ చెప్పారు. ఆ రోజు పదకొండు మంది తీయించుకున్నారు.

దిగేటప్పుడు ఇద్దరం వెనకబడ్డాం.

"ఏటి కనపడింది?"

"డాక్టరు గారు చూసి చెప్తారు టీచరమ్మా. మేము చెప్పకూడదు."

"నీ మొకం సెప్పీసిందిలే," అన్నారు.

మిరియాల తీగలు అల్లుకున్న ఒక చెట్టు దగ్గర నిలబడి అంతా చెప్పారు. పందొమ్మిదో ఏట, టీచరు ట్రైనింగు హాస్టల్లో, నిద్రలో మొదటిసారి వచ్చింది. పక్క మంచం అమ్మాయి చూసి మర్నాడే గది మారిపోయింది. ఆ ఏడే కుదిరిన సంబంధాన్ని ఈవిడే వద్దనుకున్నారు. పెళ్ళయితే పక్కన పడుకునే మనిషికి తెలిసిపోతుంది, అక్కణ్ణించి ఊరికి తెలుస్తుంది, ఊరికి తెలిస్తే పిల్లల్ని బడికి పంపరు. చింతపల్లిలో కొంటే ఎవరో చూస్తారని, మందులకి నర్సీపట్నం దాకా వెళ్ళేవారు. మాత్రలు అగరొత్తుల డబ్బాలో దాచేవారు.

"పెళ్ళి మానుకున్నాను గానీ బడి మానుకోనేదు," అన్నారు. ఆ మాటలో ఏడుపు లేదు. కొంచెం గర్వమే ఉంది. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ గీతలు ఒగ్గీ అమ్మా. నా పేరు ఆ కాగితంలో ఎక్కించకు."

వారం రోజులు ఆ ఫైలుని తుడిచేయనూ లేదు, డాక్టరు గారికి చూపించనూ లేదు. ఆవిడ సంతకం లేకుండా తీసినది, చూపడం తప్పు. చూసి ఊరుకోవడమూ తప్పేననిపించేది. చివరికి తుడిచేశాను. మళ్ళీ ఎప్పుడు వచ్చినా నాకు చెప్పమని మాత్రం ఆవిడని అడిగాను. అప్పట్నించి దారిలో నడుస్తూ ఆవిడ నన్ను అడగడం మొదలుపెట్టారు.

"ఆ రెండు నిమిషాలూ నేనెక్కడుంటానమ్మా?"

ఒకసారి ఇదే ప్రశ్న డాక్టరు గారిని కూడా అడిగారు, ఎవరికోసమో అన్నట్టు. మెదడులో ఏ చోట మొదలవుతుందో, ఎటు పాకుతుందో చెప్పగలం గానీ ఆ మనిషి ఎక్కడికి వెళ్తుందో ఇంకా ఎవరికీ తెలియదని డాక్టరు గారు నిజమే చెప్పారు. టీచరమ్మ ఒప్పుకోలేదు. "నిద్దర్లోనూ మనం ఉండం. అయినా లేచాక ఇంతసేపు పడుకున్నానని లెక్క తెలుస్తాది. దీంట్లో అదీ లేదు. పుస్తకంలో పేజీ సింపేసినట్టు. సింపినోడు పేజీ ఎక్కడెట్టాడని నా బాధ."

నాలుగేళ్ళ కిందట మా జాబితాలో ఉన్న ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి, దిగువ ఊరి హాస్టల్లో పొద్దున్న ప్రార్థన లైనులో పడిపోయింది. మందులు వాడుతూనే ఉంది. ముందు రెండు రాత్రులు పరీక్షలకని నిద్ర మానేసిందట. వార్డెను ఇంటికి పంపేసింది. పూర్తిగా తగ్గాకే తీసుకురమ్మంది. డాక్టరు గారి ఉత్తరం పట్టుకెళ్ళినా లాభం లేకపోయింది. తండ్రి ఇక చదువు చాలు, కాఫీ కోతకి వస్తుందిలే అన్నాడు. పిల్ల రెండు రోజులు అన్నం తినలేదు.

టీచరమ్మ మా ఇద్దరినీ వెంటబెట్టుకుని హాస్టలుకి వెళ్ళారు. అది తల్లిదండ్రులు వచ్చే రోజు. వరండా నిండా జనం. వార్డెను చెడ్డ మనిషేమీ కాదు.

"రాత్రి నిద్దర్లో దానికేటైనా అయితే నా ఉద్యోగం పోతాది టీచరమ్మా. మీరు పూచీ ఉంటారా?"

"మా పిల్ల పక్కన దాన్ని పడుకోబెట్టొద్దు," అంది వెనక నుంచి ఒక తల్లి. "సొంగ తగిల్తే అంటుకుంటాది."

అంటదని డాక్టరు గారు చెప్పబోయారు. ఎవరూ వినడం లేదు. ఆ అమ్మాయి స్తంభం పక్కన, ట్రంకుపెట్టె మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. టీచరమ్మ చాలాసేపు ఆ పిల్లనే చూశారు. తర్వాత చేతిసంచి తెరిచి, మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టారు.

"ఇదేటో సూడండి. ఆ గుంట మింగే మాత్రే. ఇది నాది. నాకు పందొమ్మిదో ఏట నుంచీ ఉంది."

వెనకవాళ్ళు మెడలు సాచి చూశారు. ఆవిడ గొంతు పాఠం చెప్పినట్టే ఉంది.

"ఇక్కడున్న తండ్రుల్లో సగం మందికి నేనే సెయ్యట్టుకుని అక్షరాలు దిద్దించాను. సీమిడి ముక్కులు తుడిసినాను. ఎవుడికైనా అంటుకుందేటి? సెప్పండి."

వెనక కూర్చున్న ఒకాయన చెయ్యెత్తాడు. "నాకు అంటుకోనేదు టీచరమ్మా. ఎక్కాలు కూడా అంటుకోనేదు."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు వరండా అంతా పాకింది. టీచరమ్మ కూడా నవ్వి, ఒక్కసారిగా కుర్చీలో కూలబడ్డారు. వార్డెను ఆ మాత్రల అట్టని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "దాని మంచం నా గది పక్కన ఏయిస్తాను," అంది. ఆ సాయంత్రమే ట్రంకుపెట్టె లోపలికి వెళ్ళింది.

ఇక్కడితో ఆపితే బాగుండును. కానీ ఆ తర్వాతది కూడా చెప్పాలి. రెండు వారాల్లో కొండ మీద అందరికీ తెలిసిపోయింది. కొందరు ఆవిడ చేతికి పసిపిల్లల్ని ఇవ్వడం మానేశారు. చర్చి కమిటీ వాళ్ళు ఇంటికి వచ్చి, ఎంతో మర్యాదగా, సండే స్కూలు ఇంక వేరేవాళ్ళకి అప్పగిద్దాం, మీరు విశ్రాంతి తీసుకోండని చెప్పి వెళ్ళారు. ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడు ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నారు.

"ఇన్నేళ్ళు దాసింది దీనికే కదేటి," అన్నారు. ఆ ఒక్కసారే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూశాను. సండే స్కూలు మళ్ళీ ఆవిడకి రాలేదు. ప్రతి ఆదివారం వెళ్ళి చివరి బెంచీలో కూర్చునేవారు. పాట మాత్రం అక్కణ్ణించే ఎత్తుకునేవారు, ఎవరూ ఆపలేకపోయారు.

అదే రోజుల్లో ఆవిడ అరుగు మీద మనుషులు కూడా కనిపించసాగారు. మొదట ముగ్గురు, ఆ తర్వాత ఎక్కడెక్కడి వాళ్ళో. మా కంటికి పడని మచ్చలవాళ్ళు, అసలు మచ్చలే లేనివాళ్ళు. లంబసింగి వైపు నుంచి షేరు జీపెక్కి వచ్చిన ఒక మొగుడూపెళ్ళాం, పన్నెండేళ్ళుగా ఒకరికొకరు కూడా చెప్పుకోని మాట టీచరమ్మ ముందు చెప్పుకున్నారు. ఒకరోజు టీచరమ్మ మా కాగితంలో చివర ఖాళీ గడి చూపించి, "ఇటివ్వు, నేనే రాసుకుంటాను," అని గుండ్రటి అక్షరాలతో తన పేరు రాసి సంతకం చేశారు. డాక్టరు గారు మందు మార్చారు. ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చేది, ఒకటికి తగ్గింది. చెల్లెలి కూతురు వచ్చి పక్కగదిలో ఉండసాగింది. తలుపు గడియ వేసుకోవద్దంటే వేసుకోవడం మానేశారు. చెప్పినవన్నీ చేశారు.

అందుకే నాకు మనసు ఆగడం లేదు.

ఖననం మర్నాడని తెలిసి తెల్లారే బస్సెక్కి వెళ్ళాను. అందరూ అంటున్నది ఒకటే మాట. నిద్రలో పోయింది, పుణ్యాత్మురాలు, ఎవరినీ కష్టపెట్టలేదు. నేను లోపలికి వెళ్ళి మాత్రల అట్ట వెతికి లెక్కపెట్టాను. ఆ చివరి రాత్రిది కూడా వేసుకున్నారు. ఒక్కటీ తప్పలేదు. ఒకటైనా మిగిలిపోయి ఉంటే నాకు ఊపిరి ఆడేదేమో, అందుకే ఇలా అయిందని అనుకునేదాన్ని. డాక్టరు గారికి ఫోను చేశాను. నిద్రలో మూర్ఛ వచ్చి ఊపిరి ఆగి ఉండవచ్చు, గుండె కావచ్చు, ఎవరూ చూడలేదు కాబట్టి చెప్పలేం అన్నారు. అన్నీ సరిగ్గా చేసినా అరుదుగా ఇలా అవుతుందన్నారు. ఎందుకో తెలుసుకోవడానికే కదా మనం ఈ పని చేస్తున్నది అన్నారు.

హాస్టలు పిల్ల వచ్చింది. ఇప్పుడు విశాఖలో నర్సింగు మొదటి ఏడాది చదువుతోంది. ముందురోజు సాయంత్రమే చేరిందట. శవం దగ్గర ప్రార్థనల్లో రాత్రంతా కూర్చున్నానని చెబితే నాకు కోపం వచ్చింది.

"నిద్ర మానేశావా? నువ్వు?"

అది తల వంచుకుంది. మట్టి వేసి అందరూ కొంచెం దూరం జరిగాక నా పక్కకి వచ్చి నిలబడింది.

"అక్కా, నాకూ ఇలగే అవుతాదా?"

మేము చెప్పకూడదు, డాక్టరు గారు చెప్తారు. పదిహేనేళ్ళుగా నా నోట్లో ఉన్న జవాబు అదే. ఆ అమ్మాయి ముఖం చూస్తూ ఆ మాట అనలేకపోయాను.

"చాలా తక్కువమందికి అవుతుంది," అన్నాను. "మాత్ర మానకపోతే, నిద్ర మానకపోతే ఇంకా తక్కువ. గదిలో ఒక్కదానివే పడుకోకు. అసలు అవదని మాత్రం నేను చెప్పలేను."

అది కొత్త మట్టి వైపు చూసింది. "టీచరమ్మకి తెలుసా, ఇలగౌతాదని?"

"తెలుసు. అడిగితే చెప్పాను."

"అయినా పడుకునేదా, రోజూ?"

"చీకటి పడీ పడకముందే."

ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నాకు భయమేస్తంది అక్కా," అంది.

"నాకూ," అన్నాను.

మధ్యాహ్నం ఇద్దరం నర్సీపట్నం జీపెక్కాం. మధ్య సీట్లో నలుగురం ఇరుక్కుని కూర్చున్నాం. నా అటుపక్క కిటికీ, ఇటుపక్క ఆ అమ్మాయి, దాని పక్కన మిరియాల మూటతో ఒక ముసలామె. రెండు మలుపులు తిరిగేసరికి పిల్ల తల నా భుజం మీదికి వాలింది. ముందుసీటు మీదికి వంగి, రాత్రంతా నిద్ర లేదు, పాట కొంచెం తగ్గించమని డ్రైవరుని అడిగాను. అతను అద్దంలో చూసి పాట ఆపేశాడు. వెనక గట్టిగా మాట్లాడుకుంటున్నవాళ్ళు గొంతు తగ్గించారు. ఎవరి పిల్ల, ఏమైంది అని ఒక్కరూ అడగలేదు. ఘాటీలో జీపు వంగినప్పుడల్లా ఆ తల జారిపోబోయేది. ముసలామె మూటని కాళ్ళ మధ్యకి దించుకుని, మిరియాల దుమ్ము పట్టిన అరచేతిని పిల్ల చెంప కింద పెట్టింది. కొండ దిగి రోడ్డు తిన్నగా అయ్యాక కూడా ఆ చెయ్యి తీయలేదు.